పక్కన కూర్చుంటాం, పాస్‌వర్డు చీటీ మాత్రం వద్దు

సంపాదకులకు నమస్కారం.

పిల్లల మార్కుల్ని ఆన్‌లైన్లో విద్యాశాఖ సైటులో ఎక్కించే మార్కుల ఎంట్రీకి రేపే ఆఖరు తేదీ అని స్కూలు వాట్సాప్ గ్రూపులో మెసేజి పడగానే చాలా ఉన్నత పాఠశాలల స్టాఫ్‌రూముల్లో జరిగేది ఒకటే. కంప్యూటరు వచ్చిన కుర్ర టీచరు ముందు నలుగురైదుగురి మార్కుల రిజిస్టర్లు దొంతరగా చేరతాయి. ఒక్కో రిజిస్టరు అట్టకి ఒక చీటీ, దాని మీద యూజర్ ఐడీ, పాస్‌వర్డు. "నీకు చిటికెలో పని కదమ్మా" అనే మాట ఎలాగూ ఉంటుంది. పెద్దవాళ్లు, రోజూ కలిసి భోంచేసేవాళ్లు. కాదనడానికి నోరు రాదు. ఆ కాదనడాన్ని మర్యాదగా ఎలా చెప్పాలో, అసలు ఎందుకు చెప్పాలో రాయాలనిపించింది.

ముందు ఎందుకో చూద్దాం. తరగతిలో 42 మంది, ఆరు సబ్జెక్టులు అనుకుంటే 252 గళ్లు. సైటు సాఫీగా నడిస్తే గంటలోపు పని, ఆఖరి రోజు సాయంత్రమైతే రెండు మూడు గంటలు. సమయం కంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. టీసీ తీసుకుని వెళ్లిపోయిన పిల్లవాడి పేరు రిజిస్టరులో కొట్టేసి ఉంటుంది, ఆన్‌లైన్ జాబితాలో ఇంకా ఉంటుంది. 17వ పేరు దగ్గర అది గమనించకపోతే అక్కడి నుంచి ప్రతి పిల్లకీ పక్క పిల్ల మార్కులు పడతాయి. లెక్కల్లో ఎప్పుడూ 18 తగ్గని అమ్మాయికి 4 పడిందంటే ఆ సబ్జెక్టు టీచరు చూపు అక్కడే ఆగిపోతుంది, "ఈ పిల్లకి నాలుగేమిటి" అని వేలు వెనక్కి తీస్తారు. వేరే వాళ్ల రిజిస్టరు కొట్టేవాళ్లకి ఆ అమ్మాయి ఒక పేరు, 4 ఒక అంకె, అంతే. ఎంత జాగ్రత్తపరులైనా ఆ తప్పు వాళ్లకి కనపడదు. పరీక్షకి రాని పిల్లలకి గైర్హాజరు అని గుర్తించాల్సిన చోట సున్నా కొట్టేయడం కూడా ఇలాంటిదే. ఆ రోజు ఎవరు రాలేదో క్లాసులో ఉన్న టీచరుకే గుర్తుంటుంది. ఒకసారి కన్ఫర్మ్ కొట్టాక సవరణ మన చేతిలో ఉండదు. పైఅధికారికి కారణం రాసి పంపి, మళ్లీ తెరిచేదాకా కాచుక్కూచోవాలి.

పదో తరగతి నామినల్ రోల్, అంటే పబ్లిక్ పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా, ఇంకా సున్నితం. తండ్రి పేరులో ఒక అక్షరం, పుట్టిన తేదీలో ఒక అంకె తప్పితే ఆ పిల్లవాడు కాలేజీలో, ఉద్యోగంలో, పాస్‌పోర్టు ఆఫీసులో ఆ తప్పును మోసుకు తిరుగుతాడు. ఆధార్‌లో ఒకలా, అడ్మిషన్ రిజిస్టరులో ఇంకోలా ఉన్న పేర్లు ఎవరివో, ఏ తల్లిదండ్రుల్ని పిలిపించి అడగాలో తెలిసేది క్లాస్ టీచరుకే. ఇది ఇంకొకరి చేత చేయించుకునే పని కానే కాదు.

ఇక పాస్‌వర్డు. ఇంకొకరి పాస్‌వర్డును మోసపూరితంగా వాడితే సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66సి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. తోటి టీచరు అడిగితే మార్కులు కొట్టిపెట్టడం మోసం కాదు, నిజమే. కానీ తప్పు బయటపడి సంజాయిషీ అడిగిన రోజున "నేనే ఇచ్చాను, నేనే కొట్టమన్నాను" అనే మాట కాగితం మీద ఎక్కడా ఉండదు. చీటీ ఇచ్చినవారికీ ఇబ్బందే, ఎందుకంటే రికార్డులో ఉండేది వారి పేరు. ఆదాయపు పన్ను రిటర్నుల కాలంలో ఇది ఇంకా ముదురుతుంది. తమ రిటర్నూ వేసిపెట్టమంటారు. పాన్ నంబరే యూజర్ ఐడీ, దానికి తోడు పాస్‌వర్డు, ఫోన్లో ఓటీపీ చెప్పేస్తారు. రిటర్ను వేశాక 30 రోజుల్లోగా ఈ-వెరిఫై (ఆన్‌లైన్లో ధ్రువీకరణ) చేయడం ఇద్దరూ మరిచిపోతే, ఆ తర్వాత వెరిఫై చేసిన రోజునే రిటర్ను వేసినట్టు లెక్కగట్టి ఆలస్య రుసుము పడవచ్చు. ఆ రుసుముతో పాటు స్నేహమూ పోతుంది.

ఇప్పుడు ఎలా చెప్పాలన్నది. మనవాళ్లు ఎక్కువగా వాడే మాట "చూద్దాం లెండి సార్". చెప్పేవారి మనసులో అది కాదనడం. వినేవారికి అది ఒప్పుకోవడం. మర్నాడు రిజిస్టరు బల్ల మీద ఉంటుంది. "నెట్ లేదు", "లాప్‌టాప్ రిపేరుకిచ్చాను" అనేవీ వద్దు. నెట్ వస్తుంది, లాప్‌టాప్ వస్తుంది, అబద్ధం మాత్రం మిగిలిపోతుంది. దాని బదులు ఇలా అనవచ్చు: "మాస్టారూ, నా ఎనిమిదో తరగతి ఎంట్రీ ఇంకా ఉంది. నాలుగో పీరియడ్ నాకు లీజరు. అందులో 20 నిమిషాలు మీ పక్కన కూర్చుంటాను. రిజిస్టరు మీరు తెచ్చుకోండి, కీబోర్డు మీ దగ్గరే ఉంటుంది." ఈ మాటల్లో కాదనడం ఉంది, చేయగలిగిన సాయమూ ఉంది, దానికి హద్దూ ఉంది. "నాకేమీ రాదమ్మా" అని మళ్లీ అంటే "మొదటి పది పేర్లకి నేను పక్కనే ఉంటాను మేడం" అనండి. చీటీ చేతికిస్తే విప్పకుండానే తిరిగి వారి చేతిలో పెట్టి, "ఇది మీ దగ్గరే ఉండాలి సార్" అంటే చాలు. నలుగురి ముందూ అనకండి, వరండాలోకి వచ్చినప్పుడు అనండి. గ్రూపులో అసలే రాయకండి. అన్నిటికన్నా ముఖ్యం, గడువు ఇంకా వారం ఉండగానే చెప్పండి. ఆఖరి రోజు సాయంత్రం ఎంత మెత్తగా చెప్పినా ఎదుటివారికి చెంపదెబ్బలాగే తగులుతుంది.

పక్కన కూర్చున్నప్పుడు పెద్దవాళ్లు ఎక్కడ ఆగిపోతారో గమనిస్తే మూడు నాలుగు చోట్లే. అక్షరాలు చిన్నవిగా ఉంటాయి, 125 శాతానికి పెంచండి. నమ్ లాక్ ఆగి ఉండి కుడివైపు అంకెలు పడవు. ఒక గడి నుంచి ఇంకో గడికి మౌస్ కోసం వెతుక్కుంటారు, ట్యాబ్ మీట చూపించండి. సైటు మధ్యలో లాగౌట్ అయితే కొట్టిందంతా పోతుందని భయపడతారు, ఆ భయం నిజమే, పది పేర్లకోసారి సేవ్ చేయించండి. కన్ఫర్మ్ కొట్టే ముందు తప్పనిసరిగా ప్రింటు తీసి, రిజిస్టరులోని మార్కుల మొత్తాన్ని ప్రింటులోని మార్కుల మొత్తంతో పోల్చుకోమనండి. రెండు మొత్తాలూ కలిసినా ఇద్దరు పిల్లల మార్కులు తారుమారై ఉండవచ్చు. అందుకని ఒకరు పేరు, మార్కు చదువుతుంటే ఇంకొకరు ప్రింటు మీద టిక్కు పెట్టుకుంటూ పోవాలి. ఐదు నిమిషాల పని. రెండు మూడు సార్లు ఇలా కూర్చుంటే చాలామంది తమ పని తామే చేసుకుంటారు.

కంటి ఆపరేషన్ అయినవారు, కాన్పు సెలవులో ఉన్నవారు, నెలలో రిటైరయ్యేవారు ఉంటారు. వారికి తప్పకుండా చేసిపెట్టాలి, అయితే హెడ్మాస్టరుకి చెప్పి, ప్రింటు మీద వారి సంతకం తీసుకున్నాకే కన్ఫర్మ్ కొట్టాలి. హెడ్మాస్టరే అందరి ఎంట్రీ మీరే చూడండి అంటే అది వేరే సంగతి. అక్కడ కాదనడం కుదరదు. "ఆర్డరు పుస్తకంలో రాయండి సార్, ఎంట్రీ చేసే పీరియడ్లకి నా బదులు వేరే టీచర్ని వేయండి" అని అడగడం తప్పు కాదు. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలులో టీచరుకి వారానికి 45 పని గంటలు అన్నారు, పాఠం తయారీ సమయాన్ని కూడా అందులోనే కలిపారు. లీజరు పీరియడ్ అంటే ఖాళీ సమయం కాదు, రేపటి పాఠానికి కేటాయించిన సమయం.

హెడ్మాస్టర్లకు ఒక విన్నపం. వచ్చే స్టాఫ్ మీటింగులో ఏ ఎంట్రీ ఎవరిదో మినిట్స్ పుస్తకంలో రాయించండి. అధికారులు కూడా అన్ని తరగతులకీ ఒకే ఆఖరు తేదీ పెట్టకుండా, ఆరు నుంచి పది దాకా తరగతికి రెండు రోజుల తేడాతో గడువులిస్తే, సర్వరుకీ తెరిపి, స్టాఫ్‌రూముకీ తెరిపి.

ఇట్లు,
ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు