కాళ్లు గుంజుతున్నాయంటే గ్యాస్ గోలీలేనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మా మండలంలో రక్తహీనత శిబిరం పెట్టి ఆడవాళ్లందరికీ పరీక్షలు చేశారని ఈ మధ్య మీ జిల్లా పేజీలో చదివాను. ఆ వరసలో నేనూ నిలబడ్డాను. వేలు పొడిచి చూస్తే నాకు హిమోగ్లోబిన్ 12.1 వచ్చింది. "నీకు రక్తం మంచిగనే ఉందమ్మా, ఇగ పో" అన్నారు. పోయాను. ఆ రాత్రి కూడా కాళ్లు గుంజి రెండింటి దాకా వాకిట్లో తిరుగుతూనే ఉన్నాను.

నేను దేవరకొండలో మిషన్ కుట్టి బతుకుతున్నాను. వయసు 46. పొద్దంతా మిషన్ తొక్కితే కాళ్లు గుంజక ఏం చేస్తాయని ఆరేళ్లు అందరూ అన్నారు, నేనూ నమ్మాను. కానీ మిషన్ తొక్కినంతసేపు నాకు హాయిగానే ఉండేది. మంచం ఎక్కి పది నిమిషాలు కాకముందే పిక్కల లోపల ఏదో పాకినట్టు, ఎవరో నరం పట్టి లాగినట్టు మొదలయ్యేది. నొప్పి అనలేను, తిమ్మిరి అనలేను. లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది, పడుకుంటే మళ్లీ వస్తుంది. హైదరాబాద్ బస్సులో సీటు దొరికినా కూర్చోలేక నిలబడి పోయిన రోజులున్నాయి. పాలమూరు నుంచి ముంబైకి రాత్రంతా బస్సుల్లో పోయే కూలీల్లో ఈ బాధ ఉన్నవాళ్లు ఎట్లా వేగుతారో.

మా దిక్కు కాళ్ల మాట ఎత్తితే చాలు, ఫ్లోరిన్ నీళ్ల వల్లే అంటారు. వాళ్లననడానికి లేదు. మర్రిగూడ, మునుగోడు దిక్కు వంగిపోయిన నడుములను చూస్తూ పెరిగినవాళ్లం. కానీ ఫ్లోరిన్‌తో కీళ్లు బిగుసుకుపోతాయి, నడవడమే కష్టమవుతుంది. నాది నడిస్తే తగ్గే బాధ. ఈ తేడా ఆరేళ్లలో ఒక్కరూ అడగలేదు.

అడక్కుండా ఇచ్చినవి మాత్రం చాలా ఉన్నాయి. మొదట నొప్పి గోలీలు. వాటితో కడుపులో మంట పట్టుకుంది. మంటకు పరగడుపున వేసుకొమ్మని గ్యాస్ గోలీ ఇచ్చారు. అది మూడేళ్లు ఆపకుండా మింగాను. మా వాడలో సగం ఇళ్లలో ఆ గోలీ ఉప్పు డబ్బా పక్కనే ఉంటుంది. నిద్ర పట్టడం లేదంటే మత్తుగా ఉంటుందని అలర్జీ గోలీ ఒకటి ఇచ్చారు. నీరసంగా ఉందంటే గ్లూకోజ్ సీసా.

చివరికి హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. ఆమె అడిగిన ప్రశ్నలు వేరు. బాధ ఏ వేళకు వస్తుంది, నెలసరి ఎన్ని రోజులు ఉంటుంది, అన్నం తినగానే చాయ్ తాగుతావా, ఏమేం గోలీలు వాడుతున్నావు. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చూసే ఫెరిటిన్ అనే రక్త పరీక్ష రాసింది. దానికి నాకు నాలుగైదు జాకెట్ల కుట్టుకూలి ఖర్చయింది. 14 వచ్చింది. రిపోర్టు కాగితం మీద అదీ నార్మల్ లెక్కలోనే ఉంది, పక్కన నక్షత్రం గుర్తు కూడా లేదు. డాక్టరమ్మే చెప్పింది, కాళ్ల బాధ ఉన్నవాళ్లకు అది 75 కన్నా తక్కువుంటే ఇనుము ఇస్తారని.

నాకు అర్థమైనట్టు చెబుతాను. హిమోగ్లోబిన్ వంటింట్లో డబ్బాలోని బియ్యం లాంటిది, ఫెరిటిన్ గరిసె. గరిసె అడుగంటినా డబ్బాలో కొన్నాళ్లు బియ్యం కనిపిస్తూనే ఉంటాయి. శిబిరాల్లో చూస్తున్నది డబ్బానే. ఈ కాళ్ల జబ్బులో మెదడుకు అందే ఇనుము తగ్గుతుందని డాక్టర్లు అంటున్నారు. దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్, అంటే కుదురుగా ఉండని కాళ్లు, అంటారట. కొత్తదేమీ కాదు, 1672లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లండ్ డాక్టరు దీని గురించి రాశాడు. 1945లో ఎక్‌బామ్ అనే స్వీడన్ డాక్టరు ఇప్పటి పేరు పెట్టాడు. మా ఊరికి ఇంకా రాలేదు, అంతే.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే కోపం వస్తుంది. నొప్పి గోలీలు ఎక్కువైతే కడుపులో పుండ్లు పడి, తెలియకుండానే రక్తం పోవచ్చు. తిన్న ఇనుము ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, గ్యాస్ గోలీ దాన్నే తగ్గిస్తుంది. ఏళ్ల తరబడి వాడితే బీ12 కూడా తగ్గుతుంది. మత్తిచ్చే అలర్జీ గోలీలు ఈ కాళ్ల బాధను నేరుగా పెంచుతాయి. అంటే నేను డబ్బులిచ్చి కొనుక్కున్న ప్రతి గోలీ నన్ను మళ్లీ వాకిట్లోకే తోలింది. మగవాళ్లు నిద్ర కోసం కల్లు కాంపౌండుకు పోతారు, దాంతోనూ ఈ బాధ ఎక్కువే అవుతుంది. అందులో ఏం కలుపుతున్నారో మీ పత్రికలే ఎన్నోసార్లు రాశాయి.

తిండి సంగతికొస్తే, మా అమ్మ కాలంలో రాత్రికి జొన్న రొట్టెనో సజ్జ రొట్టెనో ఉండేది. ఇప్పుడు మూడు పూటలా అన్నమే. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన రేషన్ సన్నబియ్యం మా ఇంటికీ వస్తున్నాయి, సంతోషమే, దొడ్డు బియ్యం తిననివాళ్లు కూడా తింటున్నారు. కానీ జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో వంద గ్రాముల సజ్జల్లో ఇనుము 6 మిల్లీగ్రాముల పైనే ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా లేదు. సజ్జల్లోదంతా ఒంటికి పడుతుందని కాదు. పుంటికూరతోనో, నిమ్మకాయ పిండుకునో తింటే కొంత నయం. అన్నిటికన్నా బాగా పట్టేది కార్జంలో ఉంటుంది. ఆదివారం ఆ ముక్కలు ఎవరి కంచంలో పడతాయో మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఇనుము కలిపిన ఫోర్టిఫైడ్ గింజలు రేషన్ బియ్యంలో వచ్చినప్పుడు ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేశాం. నేనూ ఏరాను. అవేమిటో డీలరూ చెప్పలేదు, ఇంకెవరూ చెప్పలేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇది డబ్బా లెక్క, గరిసె లెక్క కాదు. గర్భిణులకు ఇనుముండే ఎర్ర గోలీలు 180 ఇస్తారు. మా ఇంటి పక్క అమ్మాయి వాటిని చాయ్‌తో మింగుతోంది. ఆ పిల్లకూ ఏడో నెలలో కాళ్లు గుంజుతున్నాయి. "కడుపుతో ఉంటే మామూలే" అన్నారట. చాయ్ ఇనుమును ఒంటికి పట్టనియ్యదు, అందుకే తిండికి గంట ముందు, గంట తర్వాత అది వద్దని పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. ఆ మాట గోలీలు చేతిలో పెట్టేటప్పుడే చెబితే ఆశమ్మకు అర నిమిషం పట్టదు.

నేను కోరేది కొత్త పథకం కాదు. పీహెచ్‌సీలో రక్తం తీసి జిల్లా ల్యాబుకు పంపి, ఫోనుకు రిపోర్టు పంపే ఏర్పాటు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పేరుతో ఉండనే ఉంది. రాత్రిళ్లు కాళ్లు నిలవనియ్యని ఆడవాళ్లకు, హిమోగ్లోబిన్ ఎంతున్నా, ఆ దారిలోనే ఫెరిటిన్ రాయమని జిల్లా వైద్యాధికారులు చెప్పాలి. మగవాళ్లలో, ముట్లుడిగిన వాళ్లలో ఇనుము తగ్గితే రక్తం ఎక్కడ పోతోందో కూడా వెతకాలట. ఊళ్లో ఆర్ఎంపీలను కూర్చోబెట్టి గ్యాస్ గోలీ గురించి గట్టిగా మాట్లాడాలి. ఎందుకంటే మేము మొదట పోయేది వాళ్ల దగ్గరికే.

ఇది చదివి ఎవరూ మెడికల్ షాపుకు పోయి ఇనుము గోలీలు కొనుక్కోవద్దు. పరీక్ష లేకుండా వాడితే కొందరికి హాని కూడా. ఇనుము సరిపడా ఉన్నా ఈ బాధ వంశంలో వచ్చేవాళ్లున్నారు, కిడ్నీ జబ్బుతో వచ్చేవాళ్లున్నారు, వాళ్ల వైద్యం వేరు. నాకు డాక్టరమ్మ రోజు విడిచి రోజు ఒక గోలీ రాసింది, గ్యాస్ గోలీని మెల్లగా మాన్పించింది. మూడు నెలలు పెద్ద తేడా లేదు. నాలుగో నెలలో ఒక రాత్రి మధ్యలో మెలకువ రాలేదు. ఇప్పుడు వారంలో ఒకటి రెండు రాత్రులు తిరుగుతాను, మిగతావి పడుకుంటాను.

వచ్చే శిబిరంలో వేలు పొడిచే ముందు "రాత్రి కాళ్లు పడుకోనిస్తున్నాయా?" అని ఒక్క ప్రశ్న అడిగేలా చూడండి. వరసలో నా వెనక నిలబడ్డవాళ్లలో ఈ బాధ ఉన్నవాళ్లు కనీసం ఇద్దరు నాకు తెలుసు.

ఇట్లు,
మిషన్ కుట్టే ఒక పాఠకురాలు,
దేవరకొండ, నల్గొండ జిల్లా