బిల్లులపై చర్చ ఏది?

సంపాదకులు గారికి,

రిటైరయ్యాక రాజ్యసభ సమావేశాలు టీవీలో చూడటం నాకు అలవాటైంది. ఉదయం 11 గంటలకు సభ్యులు తమ ప్రాంతాల సమస్యలు లేవనెత్తుతారు, 12కి ప్రశ్నోత్తరాలు మొదలవుతాయి. నేను ఎదురుచూసేది మాత్రం ఆ తర్వాత వచ్చే బిల్లుల కోసం. తీరా ఆ వేళకు సభలో గొడవ. మంత్రి ఏం చదువుతున్నారో వినపడదు. క్లాజులు (బిల్లులోని సెక్షన్లు) ఒక్కొక్కటే పిలుస్తారు, మూజువాణి ఓటు (నోటితో అవును, కాదు అనడం) అంటారు, బిల్లు ఆమోదం పొందిందంటారు. చూస్తున్న నాకు మనసు చివుక్కుమంటుంది.

2020 సెప్టెంబరు 20న సాగు బిల్లులు ఇలాగే గందరగోళం మధ్య నెగ్గాయి. డివిజన్, అంటే ఓట్లు లెక్కించడం, కావాలని ప్రతిపక్షం అడిగినా జరగలేదు. మరుసటి ఏడాది నవంబరు 29న వాటిని రద్దు చేసిన బిల్లుకూ చర్చ లేదు. మిర్చి, పత్తి పండించే మా గుంటూరు రైతుకు ఆ రెండు రోజులూ తన గురించి ఎవరేం మాట్లాడారో తెలియలేదు.

పన్నులు, ప్రభుత్వ ఖర్చుల వంటి వాటికే పరిమితమైన ద్రవ్య బిల్లయితే రాజ్యసభ 14 రోజుల్లో లోక్‌సభకు తిప్పి పంపాల్సిందే. కానీ మామూలు బిల్లుల విషయంలో ఈ సభకు లోక్‌సభతో సమానంగా అధికారం ఉంది. అది వాడకపోతే ఎలా?

మన రాష్ట్రం నుంచి 11 మంది సభ్యులున్నారు. ఏ పార్టీ వారైనా సరే, ప్రతి సమావేశం ముగిశాక ఏ బిల్లుపై ఏం మాట్లాడారో, ఏ సవరణ కోరారో విజయవాడలోనో గుంటూరులోనో కూర్చుని మాకు చెప్పాలి. మీ పత్రిక కూడా ఆ వివరాలు ప్రచురించాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, బ్రాడీపేట, గుంటూరు