మా ప్యానెల్ బోర్డుల ముఖం ఎందుకు మారిందంటే

ఇందుకూరుపేట, ముత్తుకూరు, అల్లూరు, కొత్తపట్నం వైపు మా స్టార్టర్ బోర్డులు వాడుతున్న రొయ్యల రైతులందరికీ నమస్కారం. ఈ సీజన్ నుంచి ఏరేటర్ బోర్డు (గుంట నీటిలో గాలి కలిపే ఏరేటర్ల మోటార్లను ఆన్, ఆఫ్ చేసే పెట్టె) ముందు భాగం మార్చాం. లోపలి కాంటాక్టర్లు, రిలేలు (మోటారును ఆన్, ఆఫ్ చేసే, కాపాడే భాగాలు) అవే. రేటు మాత్రం నాలుగు ఏరేటర్ల బోర్డు మీద 600 రూపాయలు పెరిగింది. "లోపల ఏమీ మారకుండా రేటెందుకు పెంచావన్నా" అని చాలామంది అడుగుతున్నారు, అడగాల్సిందే.

పాత బోర్డులో ఎరుపు మూడు చోట్ల ఉండేది. మూడు ఫేజుల కరెంటులో మొదటిదైన ఆర్ ఫేజ్ లైటు ఎరుపు. మోటారు తిరుగుతోందని చెప్పే లైటూ ఎరుపే. ఆపే బటనూ ఎరుపే. మొదటిది లైన్లో కరెంటు ఉందంటుంది, రెండోది మోటారు నడుస్తోందంటుంది, మూడోది నన్ను నొక్కితే ఆగుతుందంటుంది. పగలు మీరు దగ్గరుంటే ఇబ్బంది లేదు. కానీ ఏరేటర్ అసలు పని రాత్రే కదా. చీకటి పడ్డాక నీటిలోని పాచి ఆక్సిజన్ ఇవ్వడం ఆపేసి, రొయ్యలతో పాటు తనూ వాడుకుంటుంది. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ టైముకి గట్టు మీద ఉండేది కాపలా కుర్రాడు. మన గుంటల మీద ఒడిశా నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు, బోర్డు మీద తెలుగులో రాసినా ఇంగ్లిషులో రాసినా వాళ్లకు ఒకటే. దూరం నుంచి ఎర్ర లైటు కనబడితే అంతా నడుస్తోందనుకుని మళ్లీ పడుకుంటాడు. వెలిగేది ఫేజ్ లైటు అయితే?

అందుకే ఫేజ్ లైట్లు మూడూ పైకి తీసి, చుట్టూ గీత గీసి విడిగా పెట్టాం. కింద ఒక్కో ఏరేటర్‌కు ఒక్కో నిలువు గడి: పైన పెద్ద అంకె, దాని కింద లైటు, ఆ కింద బటన్లు. అదే అంకెను ఏరేటర్ మీద కూడా పెయింటుతో రాయించుకోండి, స్టెన్సిల్ మేమే ఇస్తాం. స్టిక్కర్లు ఉప్పుగాలికి రెండు పంటలు కూడా నిలవవు కాబట్టి రేకు మీదే చెక్కిస్తున్నాం. పెరిగిన డబ్బులో ఎక్కువ భాగం దానికే పోతోంది.

తిరుగుతున్న మోటారుకు ఇప్పుడు గ్రీన్ లైటు. ట్రిప్ అయితే, అంటే తేడా వచ్చి మోటారు దానంతటదే ఆగిపోతే, పసుపు లైటు మిణుకుమంటుంది. మనం ఆపి ఉంటే ఆ గడిలో ఏ లైటూ ఉండదు. దీని మీద ఎలక్ట్రీషియన్లు నాతో గొడవ పడుతున్నారు. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ (లైన్‌ను కలిపే, విడగొట్టే పెద్ద స్విచ్చు) ఆన్‌లో ఉంటే ఎర్ర లైటు, ఆఫ్‌లో ఉంటే గ్రీన్ అని వాళ్లు నేర్చుకున్నారు. అక్కడ అది సబబే, లైన్‌లో కరెంటు ఉంటే ముట్టుకునేవాడికి ప్రమాదం. మన గుంట దగ్గర ప్రమాదం మోటారు ఆగితేనే. మెషీన్లకు వాడే అంతర్జాతీయ ఎలక్ట్రికల్ ప్రమాణం ఐఈసీ 60204-1 కూడా మామూలుగా నడుస్తుంటే గ్రీన్, తేడా వస్తే పసుపు, ప్రమాదమైతే ఎరుపు అంటుంది.

రంగొక్కటే నమ్ముకోవడం కూడా మంచిది కాదు. మగవాళ్లలో కొంతమందికి పుట్టుకతోనే ఎరుపుకీ గ్రీన్‌కీ తేడా సరిగ్గా తెలియదు, చాలామంది ఆ సంగతి తమకే తెలియకుండా బతికేస్తారు. కాబట్టి స్టార్ట్ బటన్ రింగులోకి అణిగి ఉంటుంది, మీద నిలువు గీత. స్టాప్ బటన్ బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, మీద సున్నా. టార్చి లేకపోయినా వేలికి తెలుస్తుంది. పొరపాటున మోచెయ్యి తగిలినా మోటారు ఆగుతుందే తప్ప స్టార్ట్ కాదు.

బోర్డును దూరం నుంచి నడిపే మా ఫోన్ యాప్‌లో కూడా ఇదే తంటా. పాతదాంట్లో బటన్ మీద "ఆన్" అని ఉండేది. ఇప్పుడు ఆన్‌లో ఉందనా, నొక్కితే ఆన్ అవుతుందనా? ఫోన్లు చేసి అడిగినవాళ్లది తప్పేమీ లేదు. ఇప్పుడు పైన ఏరేటర్ రెక్కల బొమ్మ, "తిరుగుతోంది" లేదా "ఆగి ఉంది" అనే మాట ఉంటాయి, వాటిని నొక్కినా ఏమీ కాదు. కింద ఉబ్బెత్తుగా కనబడే బటన్ ఒక్కటే నొక్కేది. నొక్కగానే గ్రీన్ రాదు, ఆగమని చెప్పే చిన్న చక్రం ఫోన్ తెర మీద తిరుగుతుంది. బోర్డులోని సీటీ కాయిల్ మోటారు తీగలో కరెంటు చూశాకే గ్రీన్ వస్తుంది. సిగ్నల్ లేకపోతే "జవాబు రాలేదు" అని పసుపులో చూపిస్తుంది. ఇది నిదానమని విసుక్కుంటున్నారు, కానీ దీన్ని మార్చను.

గ్రీన్ లైటుకి తెలియనిదీ ఒకటుంది. గేర్‌బాక్సు పోయి మోటారొక్కటే తిరుగుతున్నా అది వెలుగుతూనే ఉంటుంది. ఫేజ్ లైట్లనూ పూర్తిగా నమ్మొద్దు: నడుస్తున్న మోటారుకి ఒక ఫేజ్ పోతే, ఆ మోటారే పోయిన ఫేజ్‌లోకి ఓల్టేజీ పుట్టించి లైటును మసకగా వెలిగిస్తుంది. మోటారును కాపాడేది లోపలున్న సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరే, ఒక ఫేజ్ పోతే మోటారును ఆపేసేది అదే. అది మాటిమాటికీ ట్రిప్ చేస్తోందని కొందరు బైపాస్ చేయిస్తున్నారు. అలాంటి బోర్డుకి మేం గ్యారంటీ ఇవ్వం.

పాత బోర్డు ఉన్నవాళ్లు కొత్తది కొనక్కర్లేదు. ముందు తలుపు, బటన్లు మార్చి ఇస్తాం, మనిషి గుంట దగ్గరికే వస్తాడు. తలుపు మూసి ఒక ఫొటో, మెయిన్ ఆపి తలుపు తెరిచి ఇంకొకటి వాట్సాప్‌లో పంపితే రేటు చెప్తాం.