మన రేడియోగ్రాఫర్ల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా సీటీ డోస్ మీదే

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని నియమావళిలో ఉంది కాబట్టి ఎలాగూ రాయాలి. దాంతోపాటు ఈ ఏడాది సొంత పనులు మానుకుని తిరిగిన నలుగురైదుగురి కష్టం అందరికీ తెలియాలని కూడా రాస్తున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్ళీ చెప్పక్కర్లేదు. పోయిన సమావేశంలో చేసిన తీర్మానం ఒక్కటే: పిక్చర్ పాడవకుండా సీటీ డోస్ (స్కాన్‌లో పేషంట్‌కి తగిలే రేడియేషన్) తగ్గించాలి, దానికోసం కొత్త మెషీన్ వచ్చేదాకా ఆగకూడదు.

ఈ తీర్మానం ఎందుకు వచ్చిందో గుర్తుందిగా. 2021 మేలో, కోవిడ్ రెండో దశ ఉధృతంగా ఉన్నప్పుడు, అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ డాక్టర్ రణదీప్ గులేరియా గారు ఒక్క సీటీ 300, 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమన్నారు. రేడియాలజిస్టుల సంఘం ఆ మాటను గట్టిగా ఖండించింది. ఇప్పటికీ మన కౌంటర్ దగ్గర పేషంట్లు అదే అడుగుతున్నారు. మామూలు ఛాతీ సీటీ సుమారు 7 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ కొలత), ఎక్స్‌రే 0.02 అని లెక్కేస్తే ఆయన చెప్పిన అంకె వస్తుంది. అదే ఛాతీని తక్కువ డోస్ ప్రోటోకాల్‌లో (మెషీన్ సెట్టింగులతో) తీస్తే 1.5 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఆ అంకె ఎంతన్నది చాలావరకు కన్సోల్ ముందు కూర్చున్న మన చేతిలో ఉంది. ఏడాదంతా నేను చెప్పింది ఇదే.

ఇక నవంబర్ 8 గురించి. రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టిన రోజు కాబట్టి ఏటా కేకు కోసి ఫొటోలు దిగేవాళ్లం, ఈసారి అది మానేసి ఒక సెంటర్‌లో ఉదయం పేషంట్లు రాకముందే మెషీన్ అడిగి తీసుకున్నాం. పేషంట్ బదులు నీళ్ల ఫాంటమ్ (నీళ్లు నింపిన డబ్బా) పెట్టి, 120 కేవీ (ట్యూబ్ వోల్టేజి) అలాగే ఉంచి, ఎంఏ (ఎక్స్‌రేలు ఎన్ని రావాలో నిర్ణయించే కరెంటు) మొదట మామూలుగా, తర్వాత సగం, తర్వాత పావు చేసి స్కాన్ చేశాం. డోస్ సగమైతే నాయిస్ (పిక్చర్‌లో గరుకుదనం) రెట్టింపవుతుందని మనలో చాలామంది అనుకునేవాళ్లం, నేను కూడా. కానీ సగం చేస్తే సుమారు 40 శాతమే పెరిగింది, రెట్టింపు కావడానికి డోస్ పావుకి దిగాల్సి వచ్చింది. పుస్తకంలో వర్గమూలం లెక్క (డోస్ వర్గమూలం పెరిగినకొద్దీ నాయిస్ తగ్గుతుందని) చదివినవాళ్లమే అయినా కళ్లతో చూస్తే వచ్చే ధైర్యం వేరు. 1 మిల్లీమీటర్ మందం స్లైస్‌లో గరుకుగా ఉన్న పిక్చర్‌నే 5 మిల్లీమీటర్లకు మార్చి చూపించేసరికి నున్నగా వచ్చింది. ఒక సీనియర్ మేడమ్ లేచి, 'ఇన్నేళ్లు పిక్చర్ బాలేదని ఎవరో అంటారన్న భయంతోనే ఎంఏ పెంచుతూ వచ్చాను' అన్నారు. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

డోస్ అన్నిచోట్లా తగ్గించమని మేం చెప్పడం లేదు, ఈ విషయం తప్పుగా బయటికి వెళ్లకూడదు. కిడ్నీలో రాయి, ఊపిరితిత్తులు ఇలాంటివి నాయిస్ ఉన్నా స్పష్టంగా కనిపిస్తాయి. రాళ్ల పేషంట్లలో కుర్రవాళ్లే ఎక్కువ, మళ్ళీ మళ్ళీ వస్తారు, వాళ్లకు తగ్గించకపోతే ఇంకెవరికి తగ్గిస్తాం? లివర్‌లో చిన్న గడ్డ వెతకాలంటే మాత్రం అలా కుదరదు, అక్కడ పిసినారితనం చేస్తే మచ్చ దొరక్క మళ్ళీ స్కాన్ చేయాల్సి వస్తుంది, డోస్ రెండింతలవుతుంది. సన్నగా ఉన్నవాళ్లకు యాంజియో (రక్తనాళాల స్కాన్) తీసేటప్పుడు 120 బదులు 100 కేవీ పెడితే నరంలోకి ఎక్కించిన అయోడిన్ మందు ఇంకా తెల్లగా వెలుగుతుంది, డోస్ కూడా తగ్గుతుంది. ఇది ఇప్పుడు మూడు సెంటర్లలో అలవాటుగా మారింది.

ఎక్కువ మార్పు తెచ్చింది మాత్రం పేషంట్‌ని గాంట్రీ (మెషీన్ గుండ్రటి భాగం) మధ్యలో సరిగ్గా పడుకోబెట్టడం. స్కౌట్ (అసలు స్కాన్‌కి ముందు తీసే పిక్చర్) తీసేటప్పుడు ఎక్స్‌రే ట్యూబ్ పైన ఉండి, టేబుల్ కాస్త ఎత్తులో ఉంటే పేషంట్ ఉన్నదానికంటే లావుగా కనిపిస్తాడు, మెషీన్ అది నమ్మి ఎంఏ పెంచేస్తుంది. ఇది సరిచేయడానికి ఖర్చేమీ లేదు, లేజర్ గీత చూసి టేబుల్ రెండు సెంటీమీటర్లు దింపాలి అంతే. ఛాతీ స్కాన్‌ని కిడ్నీల దాకా లాగకపోవడం, ప్లెయిన్ (మందు ఎక్కించకుండా తీసే స్కాన్) అవసరం లేనిచోట ప్లెయిన్ తీయకపోవడం కూడా అంతే. పిల్లలకు పెద్దల ప్రోటోకాల్‌తో తల స్కాన్ చేయడం మాత్రం ఇప్పటికీ అక్కడక్కడా జరుగుతోంది. పిల్లల డోస్ మీద 'ఇమేజ్ జెంట్లీ' ప్రచారం మొదలైంది 2008లో. ఇన్నేళ్ల తర్వాత మనం ఇంకా ఇదే మాట్లాడుకోవాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంది.

రాత్రి డ్యూటీ చేసి నేరుగా వర్క్‌షాప్‌కి వచ్చిన తమ్ముళ్లకు, మెషీన్ ఇచ్చిన సెంటర్ యాజమాన్యానికి, ఓపిగ్గా కూర్చుని పిక్చర్లు చూసి ఏది పనికొస్తుందో చెప్పిన రేడియాలజిస్ట్ డాక్టర్లకు, ఫాంటమ్‌ని కారులో జాగ్రత్తగా తెచ్చిన మన ఉపాధ్యక్షుల వారికి, టిఫిన్లు చూసుకున్న అక్కలకు సంఘం తరఫున కృతజ్ఞతలు. పేర్లన్నీ రాస్తే పేజీ సరిపోదు, ఏమనుకోకండి.

ఇప్పుడు కాస్త కటువుగా రాస్తున్నాను. వస్తామని గ్రూపులో చేతులెత్తిన బొమ్మలు పెట్టినవాళ్లలో సగం మంది కూడా రాలేదు. ప్రతి స్కాన్‌కి సీటీడీఐ, డీఎల్‌పీ (మెషీన్ చూపించే డోస్ అంకెలు, రెండోదానిలో స్కాన్ పొడవు కూడా కలుస్తుంది) రాయమని ఇచ్చిన రిజిస్టర్లలో చాలావాటిలో మొదటి వారం తర్వాత పేజీలు ఖాళీ. పొట్ట స్కాన్‌కి స్క్రీన్ మీద డీఎల్‌పీ 500 అని ఉంటే పొట్టకు వాడే 0.015తో గుణిస్తే 7.5 మిల్లీసీవర్ట్‌లు, అర నిమిషం పని. రాయకపోతే తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది? రిపోర్టులో డోస్ కోసం ఒక గడి పెట్టించమని ఒక కార్యాలయానికి అర్జీ ఇచ్చి నాలుగుసార్లు తిరిగాం, ప్రతిసారీ సంబంధిత అధికారి సెలవులోనే ఉన్నారు. అర్జీ నకలు, అందినట్టు ముద్ర నా దగ్గర ఉన్నాయి.

లెక్కలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. టిఫిన్లు, ప్రింట్లు, బ్యానర్ తప్ప పెద్ద ఖర్చేమీ లేదు, చందా బాకీ ఉన్నవాళ్లు ఈరోజే కట్టేస్తే మంచిది.

వచ్చే ఏడాదికి రిజిస్టర్లు కొత్తవి తెచ్చాను, సంతకాల పుస్తకం పక్కనే ఉన్నాయి. వెళ్లేటప్పుడు సెంటర్‌కి ఒకటి చొప్పున తీసుకెళ్లండి. పిల్లల స్కాన్లకు వెనుక నుంచి విడిగా పేజీలు గీసి ఉంచాను.

మీ కార్యదర్శి