పెళ్లి విస్తరి పక్కన పావు లీటరు బాటిల్ ఎందుకు?

సంపాదకుడు గారికి,

పోయిన నెల మా తమ్ముడి కూతురి పెళ్లి అనంతపురంలోనే ఒక కల్యాణ మండపంలో చేశాం. భోజనాలకు ఎవరూ వంక పెట్టలేదు, నేను రాసేది ఆ సంగతి కాదు. ఆఖరి బంతి లేచాక మండపం అప్పజెప్పే పని నా మీద పడింది. వెనక్కి వెళ్లి చూస్తే విస్తళ్లు ఎత్తే ఆడవాళ్లిద్దరు ఒక డ్రమ్ము ముందు కూర్చొని, వాటర్ బాటిళ్లు ఒక్కొక్కటే మూత తిప్పి నీళ్లు వంపుతున్నారు. ఎందుకమ్మా అంటే, నీళ్లుంటే పాత సామాన్లాయన తూకం వేసుకోడు అన్నారు. రెండు గుక్కలు తాగి వదిలేసినవే ఎక్కువ, మూత కూడా తీయనివి కొన్ని. డ్రమ్ము నిండింది, రెండోది తెచ్చారు, అదీ సగం దాటింది. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే జిల్లా మనది, బిందె నీళ్ల కోసం బోరింగు దగ్గర జుట్లు పట్టుకున్న రోజులు నేనింకా మరిచిపోలేదు. ఆ నీళ్లు పారబోయనివ్వకుండా మండపం ముందున్న చెట్లకు పోయించాను, అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు.

మనవాళ్లు నీళ్లు కొనుక్కోవడం మొదలుపెట్టింది షోకు కోసం కాదు, ఆ మాట ముందే చెప్పాలి. చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు పర్వాలేదు అని ప్రమాణం. కాచి తాగితే పోతుందనుకుంటారు చాలామంది, పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పళ్లు గారపట్టి, నడుములు వంగిపోయిన ఊళ్లను చూసే 1995లో పుట్టపర్తి సత్యసాయి తాగునీటి పథకం మొదలైంది, కొన్ని వందల పల్లెలకు నీళ్లు వచ్చాయి. అది అందని చోట వీధికో ఫిల్టర్ ప్లాంటు. అందులోనూ లోపం లేకపోలేదు, మంచి నీళ్లు తీశాక మిగిలే ఉప్పు నీళ్లు నేరుగా కాలువలోకి వదిలేస్తారు. అయినా ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో ఫిల్టర్ మానేయమని నేనెలా అంటాను? నా గొడవ ఆ నీళ్లను పావు లీటరు ముక్కలుగా కోసి ప్లాస్టిక్‌లో పెట్టడం గురించి.

లెక్క చూడండి. మా వీధిలో 20 లీటర్ల క్యాను 15 రూపాయలు. మా తమ్ముడికి చిన్న బాటిల్ ఒకటి 6 రూపాయలు పడింది. 20 లీటర్లు కావాలంటే అవి 80, అంటే 480 రూపాయలు. నీళ్లకు కాదు, మూతకు, లేబుల్‌కు, ఆ బాటిల్‌కు ఇస్తున్నాం అంత డబ్బు. మరి జగ్గు, గ్లాసు పెట్టొచ్చు కదరా అంటే, "గ్లాసులు ఎవురు కడగల్లక్కా" అన్నాడు. నిజమే, కడిగే మనుషులు దొరకరు, దొరికినా ఒకే బకెట్ నీళ్లలో అన్ని గ్లాసులూ ముంచి తీస్తారని జనానికి భయం. ఆ భయం తప్పని నేననను. వేడి నీళ్లు, ఇంకో ఇద్దరు మనుషుల కూలీ, దానికయ్యే ఖర్చు బాటిళ్ల బిల్లులో సగం కూడా ఉండదు.

ఈమధ్య కొత్తగా పర్యావరణానికి మేలు చేసే సరుకు అని ఇంకో రకం వస్తోంది. పేపర్ గ్లాసు చూడ్డానికి కాగితమే, లోపల పలుచగా ప్లాస్టిక్ పూత ఉంటుంది, లేకపోతే నీళ్లకు మెత్తబడిపోదూ? అట్టపెట్టెలో వచ్చే నీళ్లూ అంతే, అట్ట మధ్యలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు. మొక్కజొన్న పిండితో చేసిన బాటిల్ మట్టిలో కలిసిపోతుందంటారు, అది కలవాలంటే బాగా వేడి ఉండే ప్రత్యేకమైన కంపోస్టు ప్లాంటు కావాలి, మన చెత్త దిబ్బలో కలవదు. ఒకసారి వాడి పారేసే అలవాటు అలాగే ఉంచుకుని, పారేసే సరుకు మాత్రం మారిస్తే ఏం లాభం?

మనకు తెలియని విద్యా ఇది? గోలీ సోడా బండి దగ్గర నిలబడి తాగి సీసా అక్కడే ఇచ్చేసి రావాలి, పట్టుకుపోతానంటే బండివాడు ఊరుకుంటాడా! అదే సీసా కడిగి మళ్లీ నింపుతాడు. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ బాటిళ్లు అమ్మనివ్వరు, గాజు సీసాలో నీళ్లు కొని ఖాళీ సీసా తిరిగి ఇస్తే దాని డబ్బు వాపసు ఇస్తారు. అంత జనంలో అక్కడ నడిచినప్పుడు మన మండపాల్లో ఎందుకు నడవదు? సిక్కిం ప్రభుత్వం 2016లోనే తన మీటింగుల్లో బాటిల్ నీళ్లు మానేసింది. మన దగ్గర నీటి ఎద్దడి మీద పెట్టే సమీక్షలో కూడా ఒక్కొక్కరి ముందు ఒక బాటిల్ ఉంటుంది, మీ పేపర్లో పడే ఫొటోల్లోనే చూస్తుంటాను.

2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు దేశమంతా నిషేధం. వాటర్ బాటిల్ ఆ జాబితాలో లేదు. కాబట్టి ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోవడం కంటే ఇక్కడ అయ్యే పని చూడాలి. నగరపాలక సంస్థ కల్యాణ మండపాలకు లైసెన్సు ఇచ్చేటప్పుడే, ఇన్ని వందల స్టీలు గ్లాసులు, కడిగే తొట్టి, వేడి నీళ్లు ఉండాలని షరతు పెట్టొచ్చు. చలివేంద్రాలు ఎండాకాలం రెండు నెలలే కాకుండా బస్టాండు, ఆసుపత్రి, మార్కెట్ దగ్గర ఏడాది పొడుగునా నడపొచ్చు. కుండ పెట్టి, కింద కొళాయి బిగిస్తే చాలు, చెంబు ముంచే పని లేదు. మన గాలిలో తడి తక్కువ కాబట్టి కుండ నీళ్లు ఇక్కడ చల్లబడినంత బాగా సముద్రం పక్క ఊళ్లలో చల్లబడవు. ఇంటి నుంచి స్టీలు బాటిల్ తెచ్చుకున్నవాళ్లు నింపుకుని పోతారు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు మునిగిపోయాయి, ఆ వంకలో ఇప్పుడు తేలుతున్నవేంటో వంతెన మీద ఒక్క నిమిషం ఆగి చూడండి.

ఫాల్గుణంలో రెండో మేనకోడలి పెళ్లి. నాలుగు వందల స్టీలు గ్లాసులు అద్దెకు, కడగడానికి ముగ్గురు మనుషులను ఇప్పుడే మాట్లాడి పెట్టాను. తమ్ముడు సరేనన్నాడు గానీ, వియ్యంకుల వరుసకు మాత్రం రెండు కేసులు బాటిళ్లు తెప్పిస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, అనంతపురం