నల్లమల నీలి సాలీడు: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులకు నమస్కారం.

నియమావళి ప్రకారం గత ఏడాది కార్యక్రమాల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. మొక్కలు నాటడం, పక్షుల లెక్కింపు ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవలసింది సాలీడు సంగతి ఒక్కటే.

లోకం దీన్ని గుత్తి సాలీడు అంటుంది. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దీని గురించి మొదట రాసినప్పుడు నమూనా గుత్తిలో దొరికింది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. కలప దుంగలతో పాటు రైలెక్కి అక్కడికి చేరి ఉంటుందని తర్వాతివారు భావించారు. దాని అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. పేరు వారికి దక్కింది, సాలీడు మనకు మిగిలింది. గుత్తి నుంచి వచ్చే సభ్యులు మన్నించాలి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో 2008 నుంచీ ఇది అత్యంత ప్రమాదంలో ఉన్న జీవి.

దాన్ని రాత్రిపూట చూడాలని అడవిలోకి అనుమతి కోరుతూ మూడు దరఖాస్తులు పెట్టాం. మొదటిదానికి జవాబు లేదు, రెండోది కనబడటం లేదన్నారు, మూడోది పరిశీలనలో ఉందట. చివరికి అడవి అంచున ఒక సభ్యుని పొలంలో ఉన్న ముసలి చెట్టే దిక్కయింది. పేర్లిచ్చినవారు ముప్పై ఒక్కరు, వచ్చినవారు తొమ్మిది మంది. అందులో ఇద్దరు ఇంటి నుంచి ఫోను వచ్చిందంటూ మధ్యలోనే వెళ్లిపోయారు. మిగిలిన ఏడుగురం టార్చిలైట్లకు ఎర్ర కాగితం చుట్టి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

చీకటి చిక్కబడ్డాక తొర్ర అంచున రెండు కాళ్లు కనిపించాయి. ఎర్ర వెలుతురులో ఆ నీలం తెలియలేదు. మరో అరగంటకు శరీరం సగం బయటికి వచ్చి, రాయిలా ఆగిపోయింది. వేటకు ఇది వల పన్నదు. దాని పట్టుదారం తొర్ర లోపల పరుపుకీ, వాకిటి దగ్గర పరదాకీ మాత్రమే. ఎనిమిది కళ్లున్నా చూపు అంతంతమాత్రం. కాళ్ల మీది సన్నని వెంట్రుకలే చెట్టు బెరడు మీది అదురును పసిగడతాయి. ఒక ఇలకోడి జానెడు దూరంలోకి వచ్చిందో లేదో, మేము చూసేసరికే అది కోరల్లో ఉంది. దూకడం ఎవరికీ కనబడలేదు! విషంతో ఎర కదలిక ఆగుతుంది, జీర్ణరసాలతో మెత్తబడుతుంది, ఆ రసాన్ని సాలీడు పీల్చుకుంటుంది. మిగిలేది పిప్పి. మర్నాడు పగటి వెలుగులో తొర్ర వాకిట ఒక కాలు కనబడింది. ఆ నీలం ఏ రంగు పదార్థం వల్లా వచ్చింది కాదు, వెంట్రుకల సూక్ష్మ నిర్మాణం మీద కాంతి చేసే మాయ.

విషం గురించి ఊళ్లలో ప్రతిచోటా అడిగారు. కాటు వేస్తే నొప్పి, వాపు తీవ్రంగా ఉంటాయి, కండరాల బిగుతు కొన్ని రోజులు వేధించవచ్చు. మనిషి చనిపోయిన దాఖలా మాత్రం లేదు. అలికిడైతే ముందు తొర్రలోకి పారిపోవడమే దాని తీరు. ఆడది పన్నెండేళ్ల వరకు బతుకుతుంది. మగది మూడు నాలుగేళ్లే. యుక్తవయసు రాగానే ఇల్లు వదిలి జోడు వెతుకుతూ తిరిగి, ఒక్కోసారి ఆడదానికే ఆహారమవుతుంది. ఇదంతా పాఠశాలలో చెప్పినప్పుడు మగపిల్లలు కాస్త చిన్నబోయారు.

ముసలి చెట్టు కొడితే తొర్ర పోతుంది, తొర్ర పోతే సాలీడు పోతుంది. పెంపకానికి పట్టుకెళ్లేవారి బెడద వేరే. 2019లో ఈ జాతిని, అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. అందుకే మేము చూసిన చెట్టు ఏదో ఇక్కడ రాయడం లేదు, అడిగినా చెప్పను.

పొలం ఇచ్చిన సభ్యునికి, దారి చూపి మాకంటే ముందే తొర్రను గుర్తించిన చెంచు పెద్దాయనకు, పిల్లలను కూర్చోబెట్టిన ప్రధానోపాధ్యాయురాలికి, జీపు నడిపిన ఉపాధ్యక్షులకు, ఉప్మా పంపిన వారి ఇంటివారికి కృతజ్ఞతలు. లెక్కలు కోశాధికారి చదువుతారు. ఖర్చు రాబడిని కొంచెం మించింది, జీపు డీజిలే కారణం.

వచ్చే ఏడాది చెట్ల పట్టిక తయారీకి కనీసం పదిమంది కావాలి. పేరు ఇవ్వడంతో పాటు రావడం కూడా అవసరమని మనవి. ఆ రాత్రి వాడిన టార్చిలైట్లలో రెండు ఇంకా తిరిగి రాలేదు. ఎవరి దగ్గర ఉన్నాయో నాకు తెలుసు.

భవదీయుడు,
కార్యదర్శి