ఆటోలో ఎంతమంది అని కాదు, ఎక్కడ కూర్చున్నారో చూడండి

సంపాదకుడి గారికి,

మిర్చి కోతలు మొదలయ్యాయి. మా పల్నాడులో తెల్లారగట్ల రోడ్డెక్కితే అన్నీ కూలీల ఆటోలే. ఏదైనా బోల్తా పడితే మర్నాడు పేపర్లో 'పరిమితికి మించి ప్రయాణికులు' అని ఒక ముక్క వస్తుంది, పోలీసులు నాలుగు రోజులు తలలు లెక్కపెట్టి చలాన్లు రాస్తారు, మళ్లీ మామూలే. ఎంతమంది ఎక్కారన్నదే గానీ ఎక్కడ కూర్చున్నారో ఎవరికీ పట్టదు.

ఆటోకి మూడు చక్రాలు. మూడింటినీ కలిపి గీత గీస్తే వెనక వెడల్పు, ముందు మొనదేలిన త్రిభుజం. బడిలో గరిమనాభి అని చదువుకున్నామే, బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసే బిందువు, అక్కడి నుంచి నిట్టనిలువుగా దించిన గీత ఈ త్రిభుజం లోపల ఉన్నంతసేపే బండి నిలబడుతుంది. వెనక సీట్లో ముగ్గురుంటే బరువు వెడల్పు వైపు ఉంటుంది. డ్రైవర్‌కి అటొకరు ఇటొకరు ఇరుక్కుంటే బరువు సన్నబడే వైపుకి జరుగుతుంది, ఇక పక్కకి ఒరగడానికి కాస్త ఊపు చాలు. పైన గోతాలు కడితే బరువు ఇంకా ఎత్తుకెక్కుతుంది. మలుపులో 20 కిలోమీటర్ల వేగం బదులు 40లో తిప్పితే బయటికి తోసే ఊపు రెండింతలు కాదు, నాలుగింతలు! ఈ మాట ఒక డ్రైవర్‌కి చెబితే నవ్వాడు.

పోయినేడు నేనెక్కిన ఆటో కాలువగట్టు మలుపులో ఎదురుగా బైకొస్తే పక్కకి తప్పుకుంది, ఎడమ చక్రం తారు అంచు దిగింది, అక్కడ జానెడు లోతు. మేమేమీ వేగంగా పోవడం లేదు. బండి నింపాదిగా అలా ఒరిగి పడుకుంది. నాకు మోచెయ్యి గీరుకుంది, అంతే. డ్రైవర్ పక్కన కాలు బయటపెట్టి కూర్చున్న అక్క పాదం మాత్రం ఆటో కింద పడింది, ఆ సీజనంతా ఆవిడ మంచంలోనే.

కూలీలను తిట్టి లాభం లేదు, ఆటో కిరాయి తలా ఇంత పంచుకుంటారు కాబట్టే అంతమంది ఎక్కుతారు. ఆ టైముకి ఒక్క బస్సు వేస్తే సగం గోల తీరుతుంది. ఈలోపు కనీసం డ్రైవర్ పక్కన ఎవరూ కూర్చోకుండా రెండువైపులా రాడ్డు కొట్టించండి, రోడ్డు అంచుల్లో గ్రావెల్ పోయించండి. మా కాలువ మలుపులో ఆ జానెడు గుంట ఇంకా అలాగే ఉంది.

ఒక పాఠకురాలు,
పల్నాడు జిల్లా